పాడింగ్టన్ వరుస ఇళ్లు: కూల్చేయాలన్న పేటే కాపాడాల్సిన పేట అయింది

మనకు టెర్రస్ అంటే డాబా పైభాగం. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో పాడింగ్టన్ అనే పేటలో మాత్రం టెర్రస్ అంటే ఒకే గోడను ఇద్దరు పంచుకుంటూ, ఒకదాన్నొకటి ఆనుకొని నిలబడ్డ ఇళ్ల వరుస. ఆ పేటలో ఇప్పుడు వీధి వైపు బాల్కనీ మార్చాలన్నా, వెనక ఒక గది వేయాలన్నా ముందు కౌన్సిల్ నిబంధనలు చూసుకోవాలి. సొంత ఇంటి మీద ఇంత పెత్తనం ఏమిటనే గొణుగుడు ఎప్పుడూ ఉంటుంది. ఆ నిబంధనలు ఎందుకొచ్చాయో తెలియాలంటే ఈ వరుసలు ఎలా పుట్టాయో చూడాలి.

పాడింగ్టన్ గుట్ట మీద 1841లో విక్టోరియా బ్యారక్స్ అనే సైనిక స్థావరం పని మొదలైంది. 1848లో సైన్యం అందులోకి మారింది. రాతిపనివాళ్లు, వడ్రంగులు చుట్టుపక్కలే చిన్న ఇళ్లు వేసుకున్నారు. 1860లో పేటకు సొంత మునిసిపాలిటీ వచ్చింది. ఇప్పుడు కనిపించే వరుసల్లో ఎక్కువ భాగం 1870, 1880 దశకాలవి. చిన్న బిల్డర్లు కొద్దిపాటి జాగా కొని, నాలుగైదు మీటర్ల వెడల్పున ఇళ్లు కట్టి అద్దెకిచ్చేవారు. పక్కింటితో గోడ కలిస్తే ఇటుకా మిగులుతుంది, జాగా కూడా మిగులుతుంది. ఉమ్మడి గోడను పైకప్పు దాటించి పైకి లేపడం లండన్ అలవాటు. ఒక ఇంట్లో నిప్పంటుకుంటే పక్కింటి కప్పుకు పాకకూడదని. సిడ్నీ పట్టణానికి 1837లోనే ఇలాంటి చట్టం వచ్చింది. 1890ల మాంద్యంతో ఈ కట్టుబడి జోరు తగ్గింది.

తర్వాత విడిగా తోట ఉన్న ఇల్లే గొప్ప అనుకునే కాలం వచ్చింది, వరుస ఇళ్లు పేదల అద్దె కొంపలైపోయాయి. 1948లో తయారై 1951లో చట్టబద్ధమైన, సిడ్నీ ప్రాంతానికి వేసిన కంబర్లాండ్ కౌంటీ ప్రణాళిక పాడింగ్టన్‌ను కూల్చి కొత్తగా కట్టాల్సిన ప్రాంతంగా గుర్తించింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇటలీ, గ్రీసుల నుంచి వచ్చినవాళ్లకు ఇవి చవగ్గా దొరికాయి. అదనంగా ఒక గది కోసం చాలాచోట్ల బాల్కనీలు ఆస్‌బెస్టాస్ రేకులతో మూతపడ్డాయి, పోత ఇనుప జాలీలు పాత ఇనుప సామానులోకి పోయాయి. ఆ నష్టాన్ని వలస కుటుంబాల ఖాతాలో రాయడం మాత్రం అన్యాయం. ఆ ఏళ్లలో కప్పులు కారకుండా చూసుకున్నది వాళ్లే.

1964లో జెర్సీ రోడ్డును వెడల్పు చేసే ప్రతిపాదన మీద నిరసన లేచింది. పేటవాసుల సంఘం పాడింగ్టన్ సొసైటీ పుట్టింది ఆ ఏడాదే. ఒక గొప్ప భవనం కోసం కాకుండా పేట మొత్తం కోసం అడగడం వాళ్ల ప్రత్యేకత. 1977లో సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో వారసత్వ చట్టం వచ్చింది. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ వీధికి ఉత్తరాన వులారా కౌన్సిల్, దక్షిణాన సిడ్నీ నగర కౌన్సిల్ పేటను సంరక్షణ ప్రాంతంగా చూస్తున్నాయి. వరుసలో ఒక బాల్కనీ పోతే పలువరుసలో ఒక పన్ను ఊడినట్టే, అందుకే వీధి ముఖం మీద అంత పట్టు.

ఇప్పుడు అసలు ముప్పు బుల్డోజర్ కాదు, సిమెంటు. ఇవి సున్నపు అడుసుతో కట్టిన గోడలు. నేలలోంచి ఎక్కిన చెమ్మ ఇటుకల మధ్య అతుకులైన మెత్తని దర్జుల్లోంచి ఆరిపోవాలి. ఊడిన దర్జుల్లో సిమెంటు నింపినా, గోడకు సిమెంటు పూత వేసినా ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మ ఇంకా పైకి, మీటరుకు మించి ఎక్కుతుంది. చెమ్మతో పాటు వచ్చిన ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి దాని ముఖాన్ని పొరలుగా రాల్చేస్తుంది. సరైన పని ఇలా ఉంటుంది: పాత దర్జును సుమారు 25 మిల్లీమీటర్ల లోతు చేత్తో గీకి, తడిపి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుక కలిపి నింపి, కొన్నాళ్లు తడి గోనెపట్టాలతో కప్పి ఉంచాలి. గ్రైండర్ పెడితే ఇటుక అంచులు పోతాయి.

చెక్క నేల తీసేసి కాంక్రీటు పోయడం రెండో తప్పు. నేల కింది గాలిలో ఆరిపోయే తడి అంతా అప్పుడు గోడల వైపు మళ్లుతుంది. పెరడు ఎత్తు చేసి, గోడ అడుగున ఉన్న గాలి జాలీలను పూడ్చినా ఫలితం అదే.

బాల్కనీ జాలీల విషయం వేరు. పోత ఇనుము పెళుసు, మామూలు వెల్డింగు పెడితే పక్కనే చీలుతుంది. అందుకే విరిగిన ముక్కను నమూనాగా పెట్టి కొత్తది పోత పోయిస్తారు. ఇనుముకు బదులు అల్యూమినియంతో పోయిస్తే బరువు ఇనుములో సుమారు మూడో వంతే ఉంటుంది. కానీ సముద్రపు గాలిలో అది ఇనుప బోల్టుకు తగిలితే తినేసుకుంటుంది, మధ్యలో లోహం కాని వాషర్ తప్పనిసరి. మూసేసిన పాత బాల్కనీ తెరిచేముందు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉందేమో పరీక్ష చేయించాలి.

వాలు వీధుల్లో ఇంకో చిక్కుంది. వరుస మెట్లు మెట్లుగా దిగుతుంది కాబట్టి ఎగువ ఇంటి పెరటి మట్టి దిగువ ఇంటి గోడలోని చెమ్మ నిరోధక పొర కంటే పైన ఉంటుంది. ఎగువన తూము పగిలితే మరక దిగువ ఇంటి హాల్లో కనిపిస్తుంది. దిగువవాళ్లు తమ వైపు గోడలోకి ఎన్ని చెమ్మ మందులు ఎక్కించినా, గోడకు అవతల తవ్వి తూము బాగు చేసేదాకా ఆ గోడ ఆరదు.