ఐసీడీ-11 గొడవ వెనుక 2015 జులై ఒప్పందం

జబ్బులకు ప్రపంచమంతా వాడే కోడుల పట్టిక ఐసీడీ. దాని కొత్త రూపమైన ఐసీడీ-11కు అమెరికా ఎప్పుడు మారుతుందన్న చర్చతో పాటు, క్లినిక్ సిబ్బందికి శిక్షణ ఎవరికి, ఎంత ఇవ్వాలన్న పాత తగవూ మళ్లీ లేచింది. అమెరికా రోగుల చార్టులు (వైద్య రికార్డులు) చదివి, బీమా బిల్లుల కోసం జబ్బులకు కోడులు వేసి బతుకుతున్న హైదరాబాద్ కుర్రకారుకు ఇది పరాయి గొడవ కాదు. ‘‘పోయినసారి ఐసీడీ-9 నుంచి ఐసీడీ-10కు మారినప్పుడు ఇంత హడావుడి చేశారు, చివరికి ఏమైంది?’’ అనేవాళ్లు ఒక అంకె చూపిస్తారు. ఐసీడీ-10 మొదలైన 2015 అక్టోబరు 1 నుంచి 27 వరకు, ప్రధానంగా వృద్ధుల కోసం నడిచే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌కు రోజుకు 46 లక్షల క్లెయిములు అందితే, చెల్లని ఐసీడీ-10 కోడు వల్ల తిరిగొచ్చినవి 0.09 శాతమే.

అంకె నిజమే. కాకపోతే అది చెప్పేది కోడు పుస్తకంలో ఉందా లేదా అన్న సంగతే. రోగి జబ్బుకు ఆ కోడు సరిపోయిందా అన్నది అందులో తేలదు.

ఐసీడీ-10 అమలు తేదీ 2011, 2013, 2014 అంటూ వాయిదాలు పడుతూ వచ్చింది. కథ మలుపు తిరిగింది 2015 జులై 6న. ఐసీడీ-10ను గట్టిగా అడ్డుకోవాలని 2011 నవంబరులో తీర్మానించిన డాక్టర్ల సంఘం అమెరికన్ మెడికల్ అసోసియేషన్, మెడికేర్‌ను నడిపే ప్రభుత్వ సంస్థ సీఎంఎస్‌తో కలిసి ఆ రోజు ఒక ప్రకటన చేసింది. డాక్టరు వాడిన కోడు సరైన ‘కుటుంబం’లోది అయితే చాలు, తగినంత నిర్దిష్టంగా లేదన్న ఒక్క కారణంతో ఏడాదిపాటు క్లెయిమును తోసిపుచ్చరు. కోడులో మొదటి మూడు అక్షరాల (ఇక్కడ అంకెలూ అక్షరాలే) విభాగమే కుటుంబం.

క్లినిక్కులు దీన్ని తమకు నచ్చినట్టు అర్థం చేసుకున్నాయి. మూడు అక్షరాలు రాస్తే చాలనుకున్నవారున్నారు. కోడు మాత్రం చివరిదాకా ఉండాల్సిందే. ఒక రకం క్యాన్సర్ కుటుంబమైన సీ81 అని వదిలేస్తే అప్పుడూ చెల్లేది కాదు. పైగా సడలింపు డాక్టర్ల సేవలకు చెల్లించే మెడికేర్ పార్ట్-బి క్లెయిములకే. ప్రైవేటు బీమా కంపెనీలను అది కట్టడి చేయలేదు. ఫలానా పరీక్షకు ఫలానా కోడే ఉండాలన్న కవరేజీ నిబంధనలు మెడికేర్‌లోనూ అలాగే ఉన్నాయి.

అన్నిటికంటే పెద్ద నష్టం శిక్షణకు జరిగింది. కోడర్లు, బిల్లింగ్ వాళ్లు నేర్చుకున్నారు. డాక్టర్లను కూర్చోబెట్టాల్సిన గంటలు మాత్రం ‘ఇంకా ఏడాది ఉందిగా’ అన్న మాటతో వెనక్కి పోయాయి. కోడర్లు మొదటినుంచీ మొత్తుకున్నది దీని గురించే. చీలమండ బెణికిందని మాత్రమే చార్టులో ఉంటే ఐసీడీ-9లో 845.00 వేసి ముందుకెళ్లొచ్చు. ఐసీడీ-10లో కుడి కాలైతే ఎస్93.401ఏ. ఏ కాలో రాయకపోతే కోడరు ఊహించకూడదు. వివరం అడుగుతూ డాక్టరుకు క్వెరీ పంపాలి, లేదంటే ఎస్93.409ఏ అనే అన్‌స్పెసిఫైడ్ (ఏ కాలో చెప్పని) కోడు వేయాలి. హైదరాబాద్ నుంచి పంపిన క్వెరీకి జవాబు అక్కడ తెల్లవారితే గానీ రాదు. ఉబ్బసానికి తీవ్రత, చెవినొప్పికి ఏ వైపు, గర్భిణికి ఏ త్రైమాసికం: ఇవన్నీ డాక్టరు రాయాల్సినవే.

ఏడో అక్షరం సంగతి మరీ ఘోరం. గాయాల కోడుల్లో ‘ఏ’ అంటే మొదటి విజిట్ అనుకున్నారు చాలామంది. అది చురుకైన చికిత్స సాగినంత కాలం. మానే దశకు వచ్చాకే ‘డి’. కుడి చెవిలో ఏదో ఇరుక్కుంటే టీ16.1ఎక్స్ఎక్స్ఏ. మధ్యలో ఖాళీ నింపడానికి ఉన్న రెండు ఎక్స్‌లు తీసేస్తే ఏడో అక్షరం ఐదో స్థానానికి వచ్చి కోడు చెల్లదు.

డాక్టర్ల సంఘం ప్రధానంగా ఖర్చు లెక్క చెప్పింది. అది చేయించిన 2014 అధ్యయనం చిన్న క్లినిక్‌కు 56,639 నుంచి 2,26,105 డాలర్ల దాకా అంది. అదే ఏడాది కోడింగ్ వర్గం చూపిన అంచనా 1,960 నుంచి 5,900 డాలర్లు. ఇక బాతు తగిలితే వేసే కోడు గురించి నవ్వులు సరేసరి. గాయం ఎలా అయిందో చెప్పే అలాంటి బాహ్య కారణాల కోడులు దేశవ్యాప్తంగా తప్పనిసరి కావన్నది ఆ నవ్వుల్లో కొట్టుకుపోయింది.

సడలింపు 2016 అక్టోబరు 1న ముగిసింది. అదే రోజున, ఐదేళ్లుగా దాదాపు స్తంభించిన కోడుల పట్టిక తెరుచుకుని సుమారు 1,900 కొత్త కోడులు వచ్చిపడ్డాయి. ఏడాదిపాటు అన్‌స్పెసిఫైడ్‌తో నెట్టుకొచ్చిన క్లినిక్కులకు రెండూ ఒక్కసారే తగిలాయి.

ముందే సిద్ధపడినవాళ్లు చేసిన పని పెద్దదేమీ కాదు. తాము ఎక్కువగా వాడే యాభై కోడులు తీసి, ఒక్కోదానికి కొన్ని పాత చార్టులను కొత్త పద్ధతిలో కోడ్ చేసి, ఎక్కడ సమాచారం చాలలేదో చూసి, ఆ చిట్టాను డాక్టరు ముందు పెట్టారు. రిసెప్షన్‌లో పాత కోడుతో ఉన్న రిఫరల్స్, ల్యాబ్ ఆర్డర్లు తిరగరాయించారు. చికిత్స తేదీని బట్టే కోడు కాబట్టి, సెప్టెంబరు విజిట్ల కోసం ఐసీడీ-9ను సిస్టమ్‌లో ఉంచారు.

ఐసీడీ-11 ప్రపంచ ఆరోగ్య సంస్థ స్థాయిలో 2022 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అమెరికా బిల్లింగ్‌కు తేదీ ఖరారు కాలేదు. అందులో మూల కోడుకు వైపు, తీవ్రత వంటివి విడి కోడులుగా తగిలిస్తారు. చాలా చోట్ల మూల కోడు ఒక్కటే ఉన్నా చెల్లుతుంది. అంటే చెల్లని కోడుల శాతం 0.09 కంటే తగ్గినా, చార్టులో కుడో ఎడమో లేకపోవచ్చు.