ఉద్దేశమా, ఫలితమా: 1988 దగ్గర ఆగి చూడాల్సిన వివాదం

2025 ఏప్రిల్ 23న అధ్యక్షుడు ట్రంప్ జారీ చేసిన ఉత్తర్వుతో అమెరికా న్యాయ అధ్యాపకుల మధ్య పాత వాదం మళ్లీ రాజుకుంది. ఉద్దేశం రుజువు కాకున్నా ఫలితాన్ని బట్టి వివక్షను తేల్చే సూత్రాన్ని వీలైనంత మేర వదిలేయాలని ఆ ఉత్తర్వు ప్రభుత్వ శాఖలను ఆదేశించింది. ఆస్తి చట్టం బోధించేవారు, ఇళ్ల విషయంలో వివక్షపై పరిశోధించేవారు కలిసే సదస్సుల్లో ఇక ఈ ప్రశ్నను దాటవేయడం కుదరదు.

మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికే, 1968 ఏప్రిల్‌లో ఇళ్ల అమ్మకం, అద్దెల్లో వివక్షను నిషేధించే సమాన గృహవసతి చట్టం వచ్చిన కథ అందరికీ తెలిసిందే. అసలు మలుపు ఇరవై ఏళ్ల తర్వాతిది.

న్యూయార్క్ రాష్ట్రంలోని హంటింగ్టన్ పట్టణం ప్రైవేటు అపార్ట్‌మెంట్లను ఒకే ఒక్క ప్రాంతానికి పరిమితం చేసింది. అక్కడ ఉండేవారిలో సగానికి పైగా జాతిపరంగా మైనారిటీలే. నిబంధనలో జాతి ప్రస్తావనే లేదు. అయినా దాని ప్రభావం వివక్షేనని 1988లో అప్పీలు కోర్టు తేల్చింది, అదే ఏడాది సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. ఆస్తి చట్టం తరగతిలో జోనింగ్ (ఏ ప్రాంతంలో ఏ కట్టడాలు ఉండాలో నిర్ణయించే నిబంధనలు) పాఠంగా చెప్పేదీ, పౌరహక్కుల తరగతిలో వివక్షగా చెప్పేదీ ఒకే నిబంధన కావచ్చని ఈ కేసు చూపించింది.

అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా కాంగ్రెస్ 1968 చట్టాన్ని సవరించింది. అప్పటిదాకా గృహనిర్మాణ శాఖ చేయగలిగిందల్లా రాజీ కుదర్చడమే. సవరణతో దానికి కోరలొచ్చాయి. ఫలితాన్ని బట్టి బాధ్యత మోపవచ్చని అప్పటికే తొమ్మిది అప్పీలు కోర్టులు చెప్పాయని కాంగ్రెస్‌కు తెలుసు. జోనింగ్ నిర్ణయాలకు ఆ బాధ్యత వర్తించకుండా చేయాలన్న ప్రతిపాదన సభా సంఘంలోనే వీగిపోయింది. పైగా సవరణలో మూడు మినహాయింపులు చేర్చారు. ఫలితాన్ని చూడకూడదనుకుంటే, ఇంట్లో ఎందరు ఉండొచ్చో చెప్పే స్థానిక నిబంధనలకు మినహాయింపు అవసరమేముంది? 2015లో సుప్రీంకోర్టు జస్టిస్ కెనడీ 5-4 మెజారిటీ తీర్పులో పట్టుకున్న తర్కం ఇదే. గణాంకాల్లో తేడా ఒక్కటే చాలదని, దానికి కారణమైన విధానాన్ని కూడా చూపాలని హద్దూ గీశారు.

1988 సవరణపై సంతకం చేస్తూనే అప్పటి అధ్యక్షుడు రీగన్, ఈ చట్టం ఉద్దేశపూర్వక వివక్షకే పరిమితమని ప్రకటించారు. 2015లో జస్టిస్ అలిటో అసమ్మతి తీర్పు కూడా అదే చెప్పింది. తప్పు చేసే ఆలోచనే లేని యజమానిని దోషిని చేయడం అన్యాయమన్నది ఆ పక్షం వాదన.

ఇళ్ల వివక్ష పౌరహక్కుల వారి పని, ఆస్తి మన పని అన్న విభజన చదువుల్లో పాతుకుపోవడమే ఈ వాదనకు బలమిచ్చిందని నా అభిప్రాయం. విలియం అండ్ మేరీ న్యాయ కళాశాల ఏటా జరిపే బ్రిగమ్-కానర్ సదస్సు 2004 నుంచి ఆస్తి హక్కులనే కేంద్రంగా పెట్టుకుంది. వివక్షపై చర్చ ఎక్కువగా వేరే వేదికల్లో సాగింది. హంటింగ్టన్ మాత్రం రెండింటికీ చెందిన కేసు.

ఉత్తర్వు చట్టాన్ని మార్చలేదు, 2015 తీర్పునూ రద్దు చేయలేదు. ప్రభుత్వం పక్కకు తప్పుకుంటే కోర్టుకెక్కే భారం బాధితుల మీదే పడుతుంది, వారి దగ్గరున్న ఆధారం మాత్రం 1988 సవరణలో రాసిన ఆ మాటలు, వాటిపై నిలిచిన 2015 తీర్పే.