కృష్ణబిలంలో పడటం అంత తేలిక కాదు

చిరంజీవులకు ఆశీస్సులు.

కృష్ణబిలం (బ్లాక్ హోల్) చుట్టుపక్కల ఉన్నదంతా లాక్కుని మింగేస్తుందని మీరనుకుంటున్నారు కదూ? అదేం కాదర్రా. సూర్యుడి స్థానంలో అంతే ద్రవ్యరాశి ఉన్న కృష్ణబిలాన్ని పెట్టినా భూమి ఇదే కక్ష్యలో తిరుగుతుంది. చలికి మనం గడ్డకట్టిపోతాం, అది వేరే సంగతి. అసలు అందులో పడటమే కష్టం. ఆ కష్టం వల్లే అక్రీషన్ డిస్క్, అంటే కృష్ణబిలం చుట్టూ తిరిగే వాయువు పళ్లెం, తయారవుతుంది.

సుమారు 7,800 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న వి404 సిగ్నినే చూడండి. సూర్యుడికి 9 రెట్లు ద్రవ్యరాశి ఉన్న కృష్ణబిలం, దాని పక్కనే సూర్యుడి కన్నా తేలికైన ఒక ఉబ్బిన నక్షత్రం. ఆరున్నర రోజులకో చుట్టు. పక్కనున్న నక్షత్రం పైపొరల వాయువు కృష్ణబిలం వైపు జారుతుంది. దానికి అప్పటికే పక్కవాటు వేగం ఉంది గనక తిన్నగా పడదు, చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. పైకీ కిందకీ ఊగే కదలికలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఆగిపోతాయి. ఒకే దిశలో తిరిగే వాయువు పలచని పళ్లెంలా మిగులుతుంది.

లోపలికి రావాలంటే ఆ వాయువు తన కోణీయ ద్రవ్యవేగాన్ని, అంటే చుట్టూ తిప్పుతున్న ఆ ఊపుని, ఎవరికైనా అప్పజెప్పాలి. మామూలు వాయు ఘర్షణ ఇందుకు ఏమాత్రం చాలదు. 1973లో షకూరా, సున్యాయెవ్ అనే శాస్త్రవేత్తలు ఈ తెలియని ఘర్షణనంతా ఆల్ఫా అనే ఒక్క సంఖ్యలో పెట్టి డిస్క్ లెక్క కట్టేశారు. దాని వెనకున్న అసలు కారణాన్ని 1991లో బాల్బస్, హాలీ అనే మరో ఇద్దరు చూపించారు. అది అయస్కాంత క్షేత్రం. అది రబ్బరు బ్యాండులా పనిచేస్తుంది. పక్కపక్క కక్ష్యల్లోని రెండు వాయు ముద్దల్ని అలాంటి బ్యాండుతో కట్టారనుకోండి. లోపలిది వేగంగా ముందుకు పోతుంది, బ్యాండు దాన్ని వెనక్కి లాగుతుంది, అది ఇంకా లోపలికి జారుతుంది. బయటిది ముందుకు లాగబడి మరింత బయటికి పోతుంది. బ్యాండు ఇంకా సాగి, లాగుడు ఇంకా పెరిగి చివరికి వాయువంతా అల్లకల్లోలమవుతుంది. లోపలికి జారినది నెమ్మదించదు సుమా, ఇంకా వేగం పుంజుకుంటుంది! జారినప్పుడు విడుదలైన శక్తిలో సగం ఆ వేగానికే పోతుంది, మిగతా సగం వేడిగా, కాంతిగా బయటికొస్తుంది.

ఈ డిస్క్ బయటి అంచు సుమారు కోటి కిలోమీటర్ల దూరాన ఉంటుంది. అక్కడ వేడి కొన్ని వేల డిగ్రీలే. కృష్ణబిలం తన చుట్టూ తాను తిరగడం లేదనుకుంటే దాని దిగంతం, అంటే దాటితే కాంతి కూడా తిరిగి రాలేని హద్దు, కేంద్రం నుంచి 27 కిలోమీటర్లు, వాయువు నిలకడగా తిరగగల ఆఖరి కక్ష్య 81 కిలోమీటర్లు. ఆ కక్ష్యలో సెకనుకు సుమారు 240 చుట్లు! డిస్క్ జోరుగా వెలిగేటప్పుడు అక్కడి వేడి కోటి డిగ్రీలకు చేరుతుంది గనక ఎక్స్ కిరణాలు వస్తాయి. ఆ కక్ష్య దాటితే వాయువు సూటిగా లోపలికే. అక్కడిదాకా వచ్చేలోగా దాని ద్రవ్యరాశిలో దాదాపు 6 శాతం శక్తిగా మారిపోతుంది. సూర్యుణ్ణి వెలిగించే హైడ్రోజన్ కలయికలో మారేది 0.7 శాతమే.

ఈ ఏర్పాటు ఎప్పుడూ సాఫీగా నడవదు. బయటి భాగం చల్లగా ఉంటే హైడ్రోజన్ విద్యుదావేశం లేకుండా ఉంటుంది, అయస్కాంత క్షేత్రానికి పట్టు దొరకదు, వాయువు పోగుపడిపోతుంది. ఎక్కడో వేడి 10,000 డిగ్రీల దరికి చేరగానే హైడ్రోజన్ అయనీకరణం చెందుతుంది, అంటే ఎలక్ట్రాన్లు విడిపోయి విద్యుదావేశం వస్తుంది, పట్టు చిక్కుతుంది, పోగుపడ్డదంతా ఒక్కసారిగా లోపలికి దొర్లుతుంది. వి404 సిగ్ని 1989 తర్వాత 26 ఏళ్లు ఊరుకుని 2015 జూన్‌లో భగ్గుమంది ఇందుకే. ఎక్స్ కిరణాల్ని చూసే మన ఉపగ్రహం ఆస్ట్రోశాట్ శ్రీహరికోట నుంచి ఎగిరింది ఆ సెప్టెంబరు 28న! దాన్ని చూసే అవకాశం కాస్తలో తప్పిపోయింది.

డిస్క్ లోపలి భాగం దగ్గర కరోనా అనే పలచటి ప్లాస్మా ఉంటుంది, వేడి వంద కోట్ల డిగ్రీలు. అది డిస్క్ మీద పరుచుకుని ఉంటుందా, స్తంభంలా పైకి లేస్తుందా అని చాలాకాలం వాదించుకున్నారు. సిగ్నస్ ఎక్స్-1 అనే మరో కృష్ణబిలం దగ్గర అది డిస్క్ వెంబడి పరుచుకుని ఉందని ఎక్స్ కిరణాల ధ్రువణం, అంటే వాటి తరంగాలు ఏ దిశలో ఊగుతున్నాయన్నది, కొలిచి 2022లో చెప్పారు. మిగతా కృష్ణబిలాల దగ్గరా అంతేనా అన్నది ఒక్కొక్కటిగా కొలిచి చూడాలి. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన మన మరో ఉపగ్రహం ఎక్స్‌పోశాట్ పని కూడా ధ్రువణం కొలవడమే.

మీ తాతయ్య