రియాక్టర్ కోసం కట్టిన ఊరు: విసాగినాస్ చిక్కు ఎక్కడ మొదలైంది?

లిథువేనియా ఈశాన్య మూలన, లాత్వియా, బెలారస్ సరిహద్దులకు దగ్గరగా, పైన్ అడవి నడుమ ఉంది విసాగినాస్. ఆ దేశపు నగరాల్లో వయసులో ఇదే చిన్నది. దీనికి అన్నం పెట్టిన ఇగ్నలినా అణు విద్యుత్ కేంద్రం 2009 డిసెంబరు 31 రాత్రి 11 గంటలకు శాశ్వతంగా ఆగిపోయింది. కేంద్రం లేకపోతే ఊరు బతుకుతుందా అన్న చర్చ అప్పుడు పెద్దదైంది కానీ, అప్పుడు పుట్టింది మాత్రం కాదు. 1975లో అడవి కొట్టి పునాదిరాయి వేసిన నాడే ఆ చిక్కు కూడా వేసుకున్నారు. ఊరు కట్టాలన్న నిర్ణయం బయటిది, డబ్బు బయటిది, కట్టడానికి వచ్చిన మనుషులూ బయటివారే. మూసివేత నిర్ణయం కూడా అలాగే బయటినుంచి వచ్చింది.

అణు కేంద్రాన్ని తలపెట్టింది లిథువేనియా రాజధాని విల్నియస్ కాదు, మాస్కో. సోవియట్ అణ్వాయుధాల పరిశ్రమను నడిపిన ‘మీడియం యంత్ర నిర్మాణ మంత్రిత్వ శాఖ’ కిందకు ఈ ప్రాజెక్టు వచ్చేది. లిథువేనియా ఒక్కదాని అవసరానికి అంత పెద్ద కేంద్రం అక్కర్లేదు. సోవియట్ వాయవ్య గ్రిడ్ మొత్తానికి కరెంటు ఇవ్వడం దాని పని. ఈ చోటునే ఎంచుకోవడంలో నీటి పాత్ర పెద్దది. రియాక్టరు నుంచి వచ్చే వేడిలో మూడోవంతే కరెంటుగా మారుతుంది, మిగతాదంతా ఎక్కడో ఒకచోట వదలాలి. దేశంలోకెల్లా పెద్దదైన ద్రూక్షియాయ్ సరస్సు అందుకు దొరికింది. దాని దక్షిణపు ఒడ్డున కేంద్రం, అక్కడికి కొన్ని కిలోమీటర్ల దూరంలో, విసాగినాస్ అనే మరో చిన్న సరస్సు పక్కన ఊరు. కేంద్రానికి పెట్టిన పేరు మాత్రం దూరంగా ఉన్న పాత జిల్లా పట్టణం ఇగ్నలినాది. 1940 నుంచి 1974లో చనిపోయేదాకా లిథువేనియా కమ్యూనిస్టు పార్టీకి అధిపతిగా ఉన్న ఆంతానాస్ స్నియెచ్కుస్ పేరు కొత్త ఊరికి పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక 1992లో దాన్ని తీసేసి సరస్సు పేరే ఉంచారు.

ఊరి నక్షా లెనిన్‌గ్రాడ్ సంస్థలో తయారైంది. పైనుంచి చూస్తే సీతాకోకచిలుక ఆకారంలో ఉండాలని అనుకున్నారు. కట్టింది ఒక రెక్క వరకే, ఎందుకంటే నాలుగు రియాక్టర్లకు వేసిన లెక్క రెండు దగ్గరే ఆగింది. అయితే కట్టినంత మేరకు శ్రద్ధగా కట్టారన్నది ఒప్పుకోవాలి. పైన్ చెట్లను వీలైనన్ని ఉంచి, వాటి మధ్య ఇళ్ల సముదాయాలు లేపారు. వాహనాల దారులు అంచుల్లో పెట్టి, నడిచే దారులు లోపలికి తెచ్చారు. బడి, దుకాణం, సరస్సు అన్నీ నడక దూరంలోనే. సోవియట్ యూనియన్‌లోని ఇతర అణు కేంద్రాల నుంచి, నిర్మాణ స్థలాల నుంచి వచ్చిన ఇంజినీర్లకు, కార్మికులకు త్వరగా ఫ్లాటు దొరికేది. మాస్కో శాఖ నేరుగా సరుకు పంపేది కాబట్టి అంగళ్లు కూడా చుట్టుపక్కల ఊళ్ల కన్నా నిండుగా ఉండేవి. పక్క పల్లెల లిథువేనియన్లకూ ఈ ఊరికీ మధ్య ఎడం అక్కడే మొదలైంది. ఊళ్లో వాడుక భాష రష్యన్. పథకంలో చర్చికి చోటు లేదు. క్యాథలిక్, ఆర్థడాక్స్ ప్రార్థనా స్థలాలు తరవాత చేర్చుకున్నవే.

ఇక రియాక్టరు. గ్రాఫైట్ దిమ్మెల నడుమ నిలువు గొట్టాల్లో ఇంధనం ఉంచి, నీటితో చల్లార్చే సోవియట్ రకం పేరు ఆర్‌బీఎంకే. ఇక్కడ పెట్టిన ఆర్‌బీఎంకే-1500 చెర్నోబిల్‌లో ఉన్నదానికి ఇంకా పెద్ద రూపం. ఒక్కోటి 1,500 మెగావాట్ల డిజైన్ సామర్థ్యంతో, కట్టిన నాటికి ప్రపంచంలోకెల్లా శక్తిమంతమైన రియాక్టర్లలో నిలిచింది. మొదటి యూనిట్ 1983 చివరి రోజున గ్రిడ్‌కు కలిసింది, రెండోది 1987లో. మొదటి యూనిట్ ప్రారంభ పరీక్షల్లో బయటపడిన ఒక సంగతిని ఇక్కడ వివరంగా చెప్పుకోవాలి.

ఆర్‌బీఎంకే గుండెకాయ, అంటే ఇంధనం ఉండి అణు చర్య జరిగే భాగం, ఏడు మీటర్ల ఎత్తుంటుంది. ఆ చర్యను కొనసాగించే కణాలు న్యూట్రాన్లు. నియంత్రణ కడ్డీ పైభాగంలో వాటిని మింగే బోరాన్ కార్బైడ్ ఉంటుంది. దానికింద నాలుగున్నర మీటర్ల గ్రాఫైట్ ముక్క వేలాడుతుంది. కడ్డీని పూర్తిగా పైకి లాగినప్పుడు గ్రాఫైట్ ముక్క గుండెకాయ మధ్యలో నిలుస్తుంది, దాని పైనా కిందా 1.25 మీటర్ల చొప్పున నీరు మిగులుతుంది. ఆ నీరు కూడా కొంత న్యూట్రాన్లను మింగుతుంది. రియాక్టరును ఆపడానికి కడ్డీని దించితే గ్రాఫైట్ ముందు కిందకు దిగి ఆ నీటిని నెట్టేస్తుంది. అప్పుడు అడుగుభాగంలో చర్య తగ్గాల్సింది పోయి కొన్ని సెకన్లు పెరుగుతుంది. 1983లో ఇగ్నలినాలో ఇది కొలిచి చూశారు. మిగతా ఆర్‌బీఎంకే కేంద్రాలకు సమాచారం వెళ్లింది, డిజైన్ మారుస్తామన్న మాటా వచ్చింది. మార్పు రాలేదు. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్‌లో ఆపే మీట నొక్కినప్పుడు ప్రమాదాన్ని తీవ్రం చేసిన కారణాల్లో ఇదొకటి. విసాగినాస్ చరిత్రలో ఇంత బరువైన సంఘటన మరొకటి లేదని నా అభిప్రాయం, పర్యాటక కరపత్రాల్లో కనిపించకపోయినా సరే.

చెర్నోబిల్ తరవాత ఇక్కడ కడ్డీలు మార్చారు, న్యూట్రాన్లను మింగే అదనపు శోషకాలు పెట్టారు, ఇంధనంలో యురేనియం శుద్ధి పెంచి, 1990లలో అందులో ఎర్బియం అనే మరో శోషక లోహం కలిపారు. గరిష్ఠ శక్తిని 1,300 మెగావాట్లకు దించారు. అయినా పడమటి దేశాల రియాక్టర్లకుండే పూర్తి కాంక్రీటు కవచం ఈ రకానికి పెట్టడం కుదిరేది కాదు. లిథువేనియాలో జాతీయోద్యమం, పర్యావరణ ఉద్యమం ఒకటిగా లేచాయి. 1988 సెప్టెంబరులో వేల మంది చేతులు పట్టుకుని కేంద్రం చుట్టూ నిలబడ్డారు. ఆ ఏడే, అప్పటికి కడుతున్న మూడో యూనిట్ పని ఆగింది, తరవాత దాన్ని కూల్చేశారు. ఊరివాళ్లకు ఆ గొలుసు తమ అన్నం మీద దాడిలా అనిపించింది. నిలబడినవారికి అది మాస్కో మీద నిరసన. ఇద్దరి మాటలోనూ నిజముంది.

1990లో స్వాతంత్ర్య ప్రకటన, 1991లో ప్రపంచ గుర్తింపు. రష్యన్ మాట్లాడే అణు నిపుణుల ఊరు కొత్త దేశానికి పెద్ద సమస్యే కావాలి. అలా కాకపోవడానికి ఒక చట్టం సాయపడింది. 1989 నాటి పౌరసత్వ చట్టం అప్పటికి అక్కడ స్థిరంగా ఉంటున్న అందరికీ, జాతి, భాష చూడకుండా, లిథువేనియా పౌరసత్వం కోరుకునే వీలిచ్చింది. లాత్వియా, ఎస్తోనియాల్లో లక్షల మంది రష్యన్ భాషీయులు ఏ దేశ పౌరులూ కాని స్థితిలో పడ్డారు. విసాగినాస్ ఆపరేటర్లు కంట్రోల్ రూమ్‌లోనే ఉండిపోయారు. భద్రతా నియంత్రణ సంస్థ వాతేసి 1991లో ఏర్పడింది. సముద్రానికి అవతలున్న స్వీడన్, ప్రమాదం జరిగితే గాలి తమవైపే వస్తుందన్న లెక్కతో, డబ్బూ నిపుణులనూ పంపింది. 1993లో దేశపు కరెంటులో 88 శాతం ఈ ఒక్క కేంద్రానిదే. ఒక దేశం ఒక కేంద్రం మీద అంతగా ఆధారపడటం అరుదు.

మూసివేత అంటే యూరోపియన్ యూనియన్ పెట్టిన షరతు అనే అందరూ చెబుతారు. నిజమే, కానీ దానికి దశాబ్దం ముందే గడువు ఖాయమైంది. 1994లో భద్రతా పనులకు గ్రాంటు తీసుకుంటూ, రియాక్టర్లలో ఇంధనం, నీరు ఉండే పీడన గొట్టాలు మార్చాల్సిన సమయం వచ్చాక వాటిని నడపబోమని లిథువేనియా ఒప్పుకుంది. ఒక్కో రియాక్టరులో అలాంటి నిలువు గొట్టాలు 1,661. జిర్కోనియం-నయోబియం మిశ్రమంతో చేసిన 88 మిల్లీమీటర్ల గొట్టం, గోడ మందం 4 మిల్లీమీటర్లు. (మన భారజల రియాక్టర్లకు హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ చేసే పీడన గొట్టాలూ ఈ రెండు లోహాల మిశ్రమమే.) గొట్టం చుట్టూ గ్రాఫైట్ దిమ్మెలు, రెంటి మధ్య మూడు మిల్లీమీటర్ల లోపు సందు. ఏళ్ల తరబడి వికిరణం తగిలి గొట్టం నెమ్మదిగా ఉబ్బుతుంది, గ్రాఫైట్ రంధ్రం కుంచించుకుపోతుంది. సందు మూసుకుపోతే గొట్టం మీద ఒత్తిడి పడుతుంది, బయటికి లాగడం కష్టమవుతుంది, ఆ సందులో వాయువు పంపి లీకులు కనిపెట్టే ఏర్పాటు పనిచేయదు. లెనిన్‌గ్రాడ్ కేంద్రంలో గొట్టాలన్నీ మార్చి రియాక్టరు ఆయుష్షు పెంచారు. లిథువేనియా ఆ దారి వదులుకుంది.

2003లో సంతకమైన, యూరోపియన్ యూనియన్‌లో చేరిక ఒప్పందపు నాలుగో ప్రోటోకాల్ తేదీలను రాతపూర్వకం చేసింది. మొదటి యూనిట్ 2004 డిసెంబరు 31న ఆగింది. రెండోదాన్ని మరికొన్నేళ్లు నడపాలా అని 2008 అక్టోబరులో ప్రజాభిప్రాయం అడిగితే, ఓటేసినవారిలో అత్యధికులు నడపమన్నారు. కానీ సగం మంది కూడా పోలింగుకు రాలేదు కాబట్టి అది చెల్లలేదు. వచ్చి ఉన్నా, ఇతర సభ్య దేశాలు ఒప్పుకోకుండా ప్రోటోకాల్ మారేది కాదు.

మూసివేత దెబ్బ ఊళ్లో ముందు కరెంటులో కాదు, వేడినీళ్లలో తెలిసింది. కేంద్రం వదిలే వేడే గొట్టాల్లో ఊరి ఇళ్లకు వచ్చేది. శీతాకాలం సున్నాకు చాలా దిగువకు వెళ్లే చోట అది చవకైన వరం. అందుకే మొదటి యూనిట్ ఆపకముందే చేపట్టిన పనుల్లో సహజవాయువుతో నడిచే బాయిలర్ కేంద్రం ఒకటి. రష్యా గ్యాసు ధర పెరిగినప్పుడల్లా ఇళ్ల బిల్లూ పెరిగింది. జనాభా 2001 లెక్కల్లో 29 వేల పైచిలుకు, 2011కల్లా 22 వేల చిల్లర, ఆ తరవాత ఇంకా తగ్గింది. ఫ్లాట్ల ధరలు విల్నియస్‌తో పోల్చలేనంత పడిపోయాయి.

ఊరు ఖాళీ కాకపోవడానికి కారణం కేంద్రమే. నడపడం ఆగింది కానీ విప్పడం మొదలైంది. ఒకప్పటి అయిదు వేల ఉద్యోగాలు వేయి పైచిలుకుకు తగ్గినా, విప్పే పని చేస్తున్నది చాలామటుకు దాన్ని నడిపినవారే. ముందు ఇంధనం తీయాలి. ఆర్‌బీఎంకే ఇంధన అసెంబ్లీ పది మీటర్ల పొడవు. అందులో ఒకదాని కింద ఒకటిగా రెండు కట్టలు, కట్టకు 18 కడ్డీలు. కనీసం అయిదేళ్లు నీటి కొలనులో చల్లార్చాక, మందపాటి గోడల గదిలో దూరం నుంచే యంత్రాలతో అసెంబ్లీని రెండు కట్టలుగా కోస్తారు. ఆ కట్టలను బుట్టలో అమర్చి, ఉక్కు-కాంక్రీటు పీపాలోకి దించి, నీరు తోడి, తేమ ఆర్చి, మూతలు బిగించి రైలు మీద నిల్వ భవనానికి చేరుస్తారు. పాత నిల్వలో 118 పీపాలు, కొత్తదానిలో 190. గుత్తేదారులతో పీపాల నాణ్యత, సామగ్రి విషయంలో వచ్చిన వివాదాలతో కొత్త నిల్వ ఏళ్ల తరబడి ఆలస్యమైంది. ఆ ఆలస్యానికి మిగతా పనులన్నీ బందీలయ్యాయి, ఇంధనం ఉన్నంతకాలం ఆ యూనిట్‌ను నడిచే రియాక్టరు లాగే కాపలా కాయాలి మరి. ఇంధనం మొత్తం 2022 ఏప్రిల్ నాటికి పీపాల్లోకి చేరింది. వాటి ఆయుష్షు 50 ఏళ్లు. భూగర్భంలో శాశ్వత నిల్వకు స్థలం ఇంకా వెతుకుతున్నారు.

టర్బైన్ హాలు పని దీనికన్నా తేలిక. ఇనుము కోసి, రకాలుగా వేరుచేసి, ఇసుక రవ్వలాంటి లోహపు గుళ్లతోనో అధిక పీడనపు నీటితోనో పైపొర గీకి, వికిరణం కొలుస్తారు. పరిమితి లోపల ఉన్నది పాత ఇనుముగా అమ్ముడవుతుంది. మించినది వ్యర్థాల గోదాముకు.

ఈ ఇనుము, పీపాల మధ్య ఊరు తనకంటూ ఒక సంస్కృతిని కూడబెట్టుకుంది. గాయకుడు విర్గిస్ స్తాకెనాస్ మొదలుపెట్టిన ‘విసాగినో కంట్రీ’ సంగీతోత్సవం 1993 నుంచి సాగుతోంది. రష్యన్ మాట్లాడే సోవియట్ అణు పట్టణంలో అమెరికా పల్లె సంగీతం ఏమిటని మొదట్లో నవ్వినవాళ్లున్నారు. ఇప్పుడు లిథువేనియన్లు ఈ ఊరికి సెలవు రోజున రావడానికి ఉన్న కొద్ది కారణాల్లో అదొకటి. రెండోది కేంద్రం లోపలి సందర్శన. చెర్నోబిల్ మీద 2019లో వచ్చిన టీవీ ధారావాహికలో కొంత భాగం ఇగ్నలినాలో చిత్రీకరించాక ఆ సందర్శనకు గిరాకీ పెరిగింది. జనాభాలో సగం మంది రష్యన్లు, లిథువేనియన్లు అయిదోవంతు దరిదాపుల్లో, మిగతా పోలిష్, బెలారసియన్, ఉక్రేనియన్ కుటుంబాలు. రష్యన్ బడుల పిల్లలూ లిథువేనియన్ భాషలో అందరితో సమానమైన ముగింపు పరీక్ష రాయాలని 2011 విద్యాచట్టం తెచ్చిన మార్పు ఈ ఊళ్లో గట్టిగా తగిలింది.

కొత్త రియాక్టరు ఆశ కూడా కొన్నాళ్లు నడిచింది. జపాన్ కంపెనీ హిటాచీతో ‘విసాగినాస్ కేంద్రం’ ప్రతిపాదన సిద్ధమైంది. 2012 అక్టోబరు 14 నాటి సలహాపూర్వక ప్రజాభిప్రాయంలో ఓటేసినవారిలో 62 శాతానికి పైగా వద్దన్నారు. ప్రాజెక్టు తరవాత అటకెక్కింది. కరెంటు లోటును దిగుమతులు, స్వీడన్, పోలండ్‌లకు వేసిన కేబుళ్లు తీర్చాయి. 2025 ఫిబ్రవరిలో దేశం రష్యా గ్రిడ్ నుంచి విడిపోయింది. ఈలోగా సరిహద్దు అవతల, విల్నియస్‌కు 50 కిలోమీటర్ల దూరంలో, బెలారస్ 2020లో రష్యన్ రియాక్టరు నడపడం మొదలుపెట్టింది. తన అణు కేంద్రం మూసుకున్న దేశం పొరుగువాడి అణు కేంద్రాన్ని చూసి ఆందోళన పడాల్సి వచ్చింది.

అసలైన కష్టం ఇంకా ముందుంది. రెండు రియాక్టర్లలో కలిపి దాదాపు 3,800 టన్నుల గ్రాఫైట్ ఉంది, అందులో 5,730 ఏళ్ల అర్ధాయుష్షున్న రేడియోధార్మిక కార్బన్-14 పేరుకుంది. ఇంత పెద్ద ఆర్‌బీఎంకే గుండెకాయను పూర్తిగా విప్పిన అనుభవం ప్రపంచంలో ఎవరికీ లేదు, పనిముట్లు, విధానాలు ఇక్కడే తయారుచేసుకోవాలి. 2020ల మొదట్లో విప్పడం ముగిసే ఏడాదిగా 2038 రాసుకున్నారు. 2021–2027 బడ్జెట్‌లో యూరోపియన్ యూనియన్ 55.2 కోట్ల యూరోలు కేటాయించింది, ఖర్చులో 86 శాతం వరకు అది భరిస్తే మిగతాది లిథువేనియా పెట్టుకోవాలి. గ్రాఫైట్ దిమ్మెలు బయటికి తీసే పని చాలావరకు 2027 తరవాతే వస్తుంది. ఆ ఏళ్లకు ఎవరెంత ఇవ్వాలన్నది యూరోపియన్ యూనియన్ కేంద్రమైన బ్రసెల్స్, విల్నియస్‌లు కూర్చుని తేల్చుకోవాల్సిన లెక్క.