పాకిస్తానీ రూమ్‌మేట్ అంటే ఎందుకంత భయం? క్యాంపులో రోజూ వినే అపోహలు – వాస్తవాలు

నేను దుబాయ్‌లో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీకి క్యాంప్ వెల్ఫేర్, అంటే కార్మికులు ఉండే క్యాంపులో వాళ్ళ మంచీచెడూ, చూస్తాను. రూముల కేటాయింపు, మెస్ కంప్లైంట్లు, గొడవలు, ఆస్పత్రులు, ఊరి నుంచి చావు కబురు వస్తే ఎమర్జెన్సీ లీవ్ ఇప్పించడం, ఇవన్నీ నా డ్యూటీనే. మాది నిజామాబాద్ జిల్లా, అందుకని జగిత్యాల, సిరిసిల్ల, ఆర్మూర్ నుంచి గానీ అటు కడప, రాజంపేట నుంచి గానీ కొత్త బ్యాచ్ దిగిందంటే ముందు నా దగ్గరికే పంపిస్తారు. ప్రతిసారీ ఎవరో ఒకరు బ్యాగ్ కూడా కింద పెట్టకుండా పక్కకి పిలిచి అడిగేది ఒకటే, "అన్నా, మా రూమ్‌ల పాకిస్తానోళ్ళు లేకుండ జూడవా?"

అడిగినవాడి మీద నాకు కోపం రాదు. రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఏజెంట్‌కి కట్టి, మొదటిసారి విమానం ఎక్కి వచ్చినవాడు, పాకిస్తాన్ అనే మాట టీవీలో దాడి జరిగినప్పుడో మ్యాచ్ ఉన్నప్పుడో తప్ప ఎప్పుడూ విననివాడు, భయపడకుండా ఎలా ఉంటాడు. నాకు ఒళ్ళు మండేది ఆ భయాన్ని వాట్సాప్‌లో వండి పంపేవాళ్ళ మీద.

చిల్లర పుకార్లు ముందు అవతల పెడదాం. తిండిలో ఏదో కలుపుతారంట, నిద్రలో ఫోన్ తీసి ఆధార్ ఫోటో కొట్టేస్తారంట, పాకిస్తానీతో ఒకే రూమ్‌లో ఉన్నావని తెలిస్తే లీవ్‌కి పోయినప్పుడు శంషాబాద్‌లోనే పట్టుకుంటారంట. అన్నీ ఒట్టి మాటలు. యూఏఈలో మనవాళ్ళే 35 లక్షలకు పైగా ఉన్నారు, వాళ్ళూ లక్షల్లో ఉన్నారు, ఒకే సైట్‌లో ఒకే బస్సులో ఒకే లిఫ్ట్‌లో దశాబ్దాలుగా పనిచేస్తూ ఏటా లీవ్‌కి పోయొస్తూనే ఉన్నారు. ఎవరితో రూమ్ పంచుకున్నావని కేసు పెట్టే చట్టం ఏదీ లేదు.

ఇక అసలు కొంప ముంచే అపోహకి వద్దాం.

అపోహ: "నేను తిట్టింది దేశాన్ని, మనిషిని కాదు కదా."

దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. "వాడు పాకిస్తానీ, కాబట్టి వాళ్ళ సర్కారు చేసినదానికి, సైన్యం చేసినదానికి, టెర్రరిస్టులు చేసినదానికి వాడే జవాబు చెప్పాలి." విచిత్రం ఏంటంటే ఈ రెండూ ఒకే మనిషి ఒకే రోజు నమ్ముతాడు. దేశం తప్పు చేస్తే ఈ మనిషిని నిలదీస్తాడు, దేశాన్ని బూతులు తిడితే మాత్రం ఈ మనిషికి తగలకూడదంటాడు.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపేశారు. ఆ వారం మా క్యాంపంతా కుతకుతలాడింది. బాధ ఉంటుంది, కోపం ఉంటుంది, అది తప్పని నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. జగిత్యాల వైపు కుర్రాడు ఒకడు, స్కాఫోల్డింగ్ (పరంజా కట్టే) పని, మంచి పనోడు, వాళ్ళ ఊరి గ్రూప్‌లో వచ్చిన పోస్టర్ ఒకటి తీసి సైట్ గ్రూప్‌లో పెట్టాడు. అందులో పాకిస్తాన్‌తో పాటు మతం మీద కూడా చాలా నీచమైన మాట ఉంది. ఆ గ్రూప్‌లో ఎవరున్నారు? పాకిస్తాన్‌లోని గుజ్రాన్‌వాలా నుంచి వచ్చిన ఫోర్‌మన్, కేరళ మలప్పురం స్టోర్‌కీపర్, ఈజిప్ట్ సేఫ్టీ ఆఫీసర్, మన నిజామాబాద్ ముస్లిం పిల్లలు ఇద్దరు. వాడు డిలీట్ కొట్టేలోపే స్క్రీన్‌షాట్ హెచ్ఆర్‌కి చేరింది. నా ఎదురుగా కూర్చుని, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని దాని స్ట్రాప్ విప్పుతూ పెడుతూ, "సార్ నేను పాకిస్తాన్‌ను అన్న గని ఈళ్ళనెవ్వరిని అనలే" అన్నాడు. నిజంగానే అలా అనుకున్నాడు వాడు. ఆ గుజ్రాన్‌వాలా ఫోర్‌మన్‌తో రోజూ కరక్ చాయ్ తాగేవాడే. కంపెనీ పోలీస్ స్టేషన్ దాకా పోలేదు, అదొక్కటే అదృష్టం, వీసా క్యాన్సిల్ చేసి టికెట్ చేతిలో పెట్టింది. అప్పు మాత్రం ఊళ్ళో అలాగే నిలబడి ఉంది.

ఇది మన ఊరు కాదు. మతం పేరుతో, కులం పేరుతో, జాతి పేరుతో ద్వేషం రెచ్చగొట్టడం మీద యూఏఈ 2015లోనే ప్రత్యేక చట్టం తెచ్చింది, 2023లో దాని స్థానంలో కొత్త చట్టం పెట్టింది. నోటితో అన్నా, కాగితం మీద రాసినా, ఫోన్‌లో ఫార్వర్డ్ చేసినా లెక్క ఒకటే. జైలు, లక్షల దిర్హమ్‌ల ఫైన్, తర్వాత దేశం నుంచి పంపించేయడం దాకా పోతుంది. 2020 ఏప్రిల్‌లో కరోనా టైమ్‌లో సోషల్ మీడియా పోస్టుల వల్ల మనవాళ్ళు కొంతమంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, అప్పటి మన రాయబారి పవన్ కపూర్ స్వయంగా హెచ్చరిస్తూ పోస్ట్ పెట్టాల్సి వచ్చింది. "నేను ఫార్వర్డే చేశా, రాసింది నేను కాదు" అనే మాట ఇక్కడ పనికిరాదు.

చట్టం సంగతి పక్కన పెట్టినా ఈ ఆలోచన రోజూ జేబుకి చిల్లు పెడుతుంది. ఒక ఎలక్ట్రీషియన్ ఉన్నాడు మా దగ్గర, టవర్ సైట్‌లో పాకిస్తానీ ఫోర్‌మన్ టీమ్‌లో వేస్తే పోనన్నాడు. "వాడు మనోళ్ళకి ఓటీ (ఓవర్‌టైమ్) రానియ్యడు, రిపోర్ట్ ఖరాబు రాస్తడు" అని ఎవరో చెప్పారు. బతిమాలి వేరే టీమ్‌కి మారాడు, అక్కడ ఓటీయే లేదు. ఆ ఫోర్‌మన్ టీమ్‌లో మన పాలకొల్లు అబ్బాయి, ఇద్దరు నేపాలీలు, ఒక బంగ్లాదేశీ ఎండాకాలమంతా ఓటీ చేసి ఇంటికి డబ్బులు పంపుకున్నారు. ఆ ఫోర్‌మన్ మహా దయగలవాడేం కాదు, కోపిష్టి, పని ఆలస్యమైతే అరుస్తాడు. కానీ అందరి మీదా అరుస్తాడు, ముఖ్యంగా లాహోర్ నుంచి వచ్చిన సొంత మేనల్లుడి మీద.

అందుకే నేను కొత్తవాళ్ళకి చెప్పేది ఒకటే పని. "కహాఁ సే హో" (ఎక్కడివాడివి) అని అడిగి, "పాకిస్తాన్" అనగానే ఆగిపోవద్దు. ఊరేదో అడగండి. మర్దాన్ అంటాడు, స్వాత్ అంటాడు, దీర్ అంటాడు, సియాల్‌కోట్ అంటాడు, ఖైర్‌పూర్ అంటాడు. దాంతో ఏమొస్తుంది అంటారు కదా, చాలా వస్తుంది. మనం అనుకునే "పాకిస్తానీ" అనేవాడు ఒక్కడు కాదు. 2017 లెక్కల్లో ఉర్దూ మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు అక్కడ 7 శాతం చిల్లర మాత్రమే. పంజాబీ 39 శాతం దగ్గర, పష్తో 18 శాతం, సింధీ 14 శాతం పైన, తర్వాత సరాయికీ, బలోచీ. అంటే ఇంట్లో పష్తో మాట్లాడే మీ పక్క బెడ్ పఠాన్‌కి ఉర్దూ ఎంత పరాయిదో మీకు హిందీ అంత పరాయిది. ఇద్దరూ సైట్‌లో నేర్చుకున్న అదే ముక్కల హిందీ మాట్లాడుకుంటున్నారు.

ఈ విషయంలో తప్పు అటువైపు కూడా ఉంది, దాచాల్సిన పనిలేదు. ఇండియన్ అంటే అందరికీ హిందీ వచ్చని, అందరూ పప్పు కూరగాయలే తింటారని, అందరూ ఒకలాగే ఉంటారని వాళ్ళూ అనుకుంటారు. ఒక పాకిస్తానీ సూపర్‌వైజర్ నా దగ్గరికొచ్చి మీ శ్రీకాకుళం కుర్రాడికి పొగరు, హిందీలో అడిగితే జవాబివ్వడు అని కంప్లైంట్ చేశాడు. వాడికి హిందీ ఒక్క ముక్క రాదు, తలూపుతున్నాడు అంతే. మీ స్వాత్ పిల్లాడు మొదటి నెల ఉర్దూ రాక ఎలా నిలబడ్డాడో గుర్తుందా అని అడిగితే ఇంకేం మాట్లాడలేదు, మర్నాటి నుంచి చెయ్యి పట్టుకుని చూపించి పని చెప్పడం మొదలుపెట్టాడు.

అపోహ: "మనవాళ్ళలో ముస్లింలని వాళ్ళ రూమ్‌లో వేసేయండి, వాళ్ళు వాళ్ళు ఒకటే."

ఇది విన్నప్పుడు మాత్రం నేను గొంతు పెంచుతా. బోధన్ నుంచి వచ్చిన పిల్లాడు, ఇంట్లో తెలుగు, ఉర్దూ రెండూ మాట్లాడతాడు, పచ్చిపులుసు లేకపోతే ముద్ద దిగదు, వాడిని పేరు చూసి పఠాన్ల రూమ్‌లోకి తోసేయమని మన తెలుగువాళ్ళే అడుగుతారు. అక్కడికి పోతే వాళ్ళేమో ఇండియాలో మీ పరిస్థితి ఏంటి, మా దేశానికి ఎందుకు రాలేదు అని మొదలుపెడతారు. రెండువైపులా వాడే సంజాయిషీ ఇచ్చుకోవాలి. 2011 లెక్కల ప్రకారమే మన దేశంలో ముస్లింలు 17 కోట్ల పైన, వాళ్ళ తాతముత్తాతలు ఇక్కడే ఉన్నారు, ఇక్కడి మట్టిలోనే ఉన్నారు. ఆ కుర్రాడు ఒక రాత్రి నా దగ్గరికొచ్చి "సార్, మావోళ్ళ రూమ్‌లకే పంపండి" అన్నాడు. మావోళ్ళంటే ఎవరని అడగలేదు నేను, ఆర్మూర్ వాళ్ళ రూమ్‌లో బెడ్ ఇచ్చా. దీనికి పూర్తిగా తలకిందులు కూడా ఉంది. పాకిస్తానీ హిందువు. సింధ్‌లో ఉమర్‌కోట్ జిల్లాలో సగం మందికి పైగా హిందువులే, థార్‌పార్కర్‌లో కూడా చాలామంది. అక్కడి నుంచి వచ్చిన అకౌంట్స్ క్లర్క్ దీపావళికి స్వీట్లు పంచితే మనవాళ్ళు నోరెళ్ళబెట్టారు.

అపోహ: "అసలు గీత గీసింది బ్రిటిష్‌వాళ్ళు, మనమంతా ఒకటే రక్తం, తేడానే లేదు."

ఇది తియ్యగా ఉంటుంది కాబట్టి ఎవరూ ప్రశ్నించరు. లూధియానా సర్దార్‌కీ లాహోర్ ఆయనకీ భాష ఒకటి, పాట ఒకటి, తిట్లు కూడా ఒకటే, వాళ్ళిద్దరూ అరగంటలో అన్నదమ్ములైపోతారు. సింధీ వాళ్ళ సంగతి కూడా అంతే. సిరిసిల్ల నేతపని ఇంటి కుర్రాడికి ఆ చుట్టరికం లేదు, లేదని చిన్నబోవాల్సిన పనీ లేదు. అన్నదమ్ములైతేనే మర్యాదగా ఉండాలా? కొత్తవాళ్ళుగా కూడా మర్యాదగా ఉండొచ్చు.

మనకున్న చుట్టరికం ఎక్కువగా హైదరాబాద్ మీదుగా ఉంది. ఆసిఫ్ ఇక్బాల్ అనే క్రికెటర్ హైదరాబాద్‌లో పుట్టి మన హైదరాబాద్‌కే రంజీ ఆడి, 1961లో పోయి పాకిస్తాన్ కెప్టెన్ అయ్యాడు. ఆయన మేనమామ గులాం అహ్మద్ ఇండియా కెప్టెన్. కరాచీలో హైదరాబాద్ కాలనీ అని ఉంది, పచ్చళ్ళకి పేరు, అక్కడ స్థిరపడినవాళ్ళు బగారా బైంగన్, మిర్చీ కా సాలన్ ఇప్పటికీ వండుకుంటారు. ఇటు తిరిగితే, దేశ విభజన తర్వాత సింధ్ వదిలి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నాని అనే హిందువు 1953లో మొజంజాహీ మార్కెట్‌లో కరాచీ బేకరీ పెట్టాడు. 2025 మేలో శంషాబాద్ దగ్గర ఆ బేకరీ బ్రాంచి బోర్డు మీద దాడి చేసినవాళ్ళకి ఇది తెలుసో లేదో. ఇల్లు పోగొట్టుకుని వచ్చినవాడు ఊరి పేరు దాచుకుంటే దాన్ని శత్రువు పేరని కొట్టారు. పేరు చూసి మనిషిని లెక్కగట్టడం ఎంత దూరం పోతుందో దానికన్నా ఉదాహరణ నాకు తెలీదు.

మిగతావి త్వరగా చెప్పేస్తా.

"పాకిస్తానీ టాక్సీవాలా మనం ఇండియన్ అని తెలిస్తే డబ్బులు తీసుకోడు." ఒకరిద్దరు తీసుకోకపోయి ఉండొచ్చు, అది వాళ్ళ మంచితనం. మీటర్ ఎంతైతే అంత ఇచ్చి దిగండి. అతను కూడా కమిషన్ మీద బతుకుతున్నాడు. పొగడ్త అయినా సరే, ఒక దేశం మొత్తానికి అంటగడితే తర్వాతి డ్రైవర్ డబ్బులు అడిగిన నిమిషంలో అది తిట్టుగా మారుతుంది.

"మ్యాచ్ రోజు గొడవ తప్పదు." తప్పుతుంది. 1986లో షార్జాలో పాకిస్తాన్ బ్యాటర్ మియాందాద్ మన మీద ఆఖరి బంతికి సిక్స్ కొట్టిన దగ్గర్నుంచి ఈ ఎడారిలో ఈ జ్వరం ఉంది. 2025 సెప్టెంబర్‌లో దుబాయ్ మ్యాచ్‌లో మన ప్లేయర్లు చెయ్యి కలపలేదని, మర్నాడు పొద్దున్న బస్సులో మనవాళ్ళు కొంతమంది పక్కసీటు వాడి సలాం తీసుకోవడం మానేశారు. వాళ్ళ గొడవ వాళ్ళ బోర్డులు చూసుకుంటాయి. మీరు పదో అంతస్తులో అదే మనిషి పట్టుకున్న తాడు నమ్ముకుని దిగాలి.

"వాళ్ళతో ఉంటే బీఫ్ గిన్నెలో మన అన్నం వండుకోవాలి." ఈ భయం నిజమైనదే, దీన్ని నేనెప్పుడూ తేలిగ్గా తీసుకోను. మిక్స్‌డ్ రూమ్ ఉన్న చోట గిన్నెల అడుగున పెయింట్‌తో గుర్తు పెట్టిస్తా, ఎర్రది ఒకరిది, పచ్చది ఒకరిది, పొయ్యి కూడా వేరు. మొదటి రోజే నోరు తెరిచి చెప్పండి, మేం ఇది తినం అని. పంది మాంసం విషయంలో వాళ్ళకీ సరిగ్గా ఇదే పట్టింపు కాబట్టి చెప్పగానే అర్థమవుతుంది. చెప్పకుండా లోపల కుళ్ళి, మూడో నెలలో గిన్నె విసిరేసినవాళ్ళనే నేను సెక్యూరిటీ రూమ్‌లో చూశాను.

"ఇంత చెప్తున్నావు, మరి నిజంగా పాకిస్తానీ ఒకడు వేధిస్తే?" వేధిస్తే ఊరుకోవద్దు, ఒక్క రోజు కూడా. పేరు, ఐడీ నంబర్, తేదీ, ఏం చేశాడు, ఎవరు చూశారు, ఇవి రాసుకుని నా లాంటి వాళ్ళ దగ్గరికి రండి. "ఈ పాకిస్తానోళ్ళు అందరూ ఇంతే సార్" అని మొదలుపెడితే హెచ్ఆర్ దాన్ని రెండు దేశాల తగువు కింద పక్కన పడేస్తుంది, అసలు తప్పు చేసినవాడు తప్పించుకుంటాడు. "ఫలానా మనిషి ఫలానా రోజు నా డ్రిల్ మెషీన్ తీసుకుని తిరిగివ్వలేదు, నన్ను తోశాడు" అంటే ఎంక్వైరీ వెయ్యక తప్పదు. క్యాంపులో ఎవరూ వినకపోతే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ 80046342, యూఏఈలో ఎక్కడి నుంచైనా చెయ్యొచ్చు. ఈ నంబర్ ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి, కొత్తగా వస్తున్న మీ ఊరివాళ్ళకి కూడా ఇవ్వండి.