తుఫాను వెలిశాక ఇంటి మరమ్మతు: మేస్త్రి ఎంపికలో అపోహలు - వాస్తవాలు

అపోహ: మన తెలుగువాడైతే మోసం చేయడు.
వాస్తవం: గాలివాన తగ్గీ తగ్గగానే ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, బరంపురం వీధుల్లోకి ఎక్కడెక్కడి మేస్త్రులో దిగుతారు. వాళ్లలో మంచి పనివాళ్లూ ఉంటారు. భాష కలిసినంత మాత్రాన పని తెలిసినట్టు కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటకముందు తాను రేకులు వేసిన ఇల్లు ఒక్కటైనా చూపించమనండి. ఆ కప్పు నిలిచిందో, లేచిపోయిందో ఇంటివాళ్లనే అడగండి. ఇంతకు మించిన పరీక్ష మాకు తెలియదు.

అపోహ: రేకు మందంగా ఉంటే ఎగిరిపోదు.
వాస్తవం: చాలా ఇళ్లలో ముందు పట్టు వదిలేది రేకును పట్టి ఉంచే బోల్టు. తుఫాను గాలి కప్పును పైకి పీకుతుంది. ఆ లాగుడు చూరు, కప్పు శిఖరం, పక్క అంచుల దగ్గర ఎక్కువ కాబట్టి అక్కడ జె-బోల్టులు (కింది కొస కొక్కెంలా వంగి ఉండేవి) దగ్గరదగ్గరగా పడాలి. సిమెంటు రేకుకు 8 మి.మీ. బోల్టు వాడితే రంధ్రం దానికంటే కాస్త పెద్దదిగా, డ్రిల్లుతో, రేకు ఉబ్బు మీదే వేయాలి. గాడిలో వేస్తే వాననీళ్లన్నీ అందులోంచే దిగుతాయి. మేకుతో పొడిస్తే సన్నని పగులు పడి, మరుసటి గాలికి అక్కడే చిరుగుతుంది. నట్టు కింద ఇనప వాషరు, దాని కింద తారు వాషరు తప్పనిసరి. నట్టు మరీ బిగిస్తే రేకు పగులుతుంది. పై రేకు కింది రేకు మీదికి 15 సెం.మీ. ఎక్కాలి. పాత ఆస్‌బెస్టాస్ రేకులను పొడిగా కోయనివ్వకండి, తడపాలి. ఆ దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది, పిల్లలను దూరంగా ఉంచండి.

అపోహ: రేకుల లెక్క మేస్త్రికే తెలుసు.
వాస్తవం: 1.05 మీటర్ల వెడల్పు రేకు, పక్కదాని మీదికి ఎక్కాక కప్పేది సుమారు 1.01 మీటర్లు. 6 మీటర్ల గోడకు వరసకు 6 రేకులు. పక్కలకు కప్పు ముందుకు వస్తే ఒకటి పెరగవచ్చు. చీటీలో 8 రాస్తే ఎందుకని అడగండి.

అపోహ: సగం డబ్బు ముందే ఇవ్వకపోతే పనికి రారు.
వాస్తవం: సరుకు మీరే కొని, కూలి మాత్రం మాట్లాడుకోండి. పని మొదలుపెట్టేముందు దెబ్బతిన్న ప్రతి భాగానికీ ఫొటో తీయండి, సాయం దరఖాస్తుకు పనికొస్తుంది. ఒప్పంద కాగితం ఒడియాలో ఉంటే చదవడం వచ్చిన వారితో వినిపించుకున్నాకే సంతకం పెట్టండి. కొలతలు, రేటు, ముగించే తేదీ అందులో ఉండాలి. డబ్బు మూడు నాలుగు విడతలుగా, పూర్తయిన పనికే ఇవ్వండి. చివరి పదోవంతు మాత్రం ఒక గట్టి వాన పడి, లోపలి గోడల మీద తడి లేదని చూసుకున్నాకే ఇవ్వండి.