ఇంటి దగ్గరి కోవర్కింగ్ స్పేస్: అపోహలు - వాస్తవాలు

ఇళ్ళ మధ్య ఉండే కోవర్కింగ్ స్పేస్, అంటే వేర్వేరు పనులు చేసేవాళ్ళు డబ్బు కట్టి ఒకేచోట కూర్చుని పని చేసుకునే ఆఫీసు, నడపడం నా వృత్తి. చోటు చూసుకోవడానికి వచ్చేవాళ్ళు ఎక్కువగా కొన్ని అపోహలతోనే వస్తారు. వాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: ఇదంతా కరోనా తర్వాత వచ్చిన ఫ్యాషన్.

కాదు. బ్రాడ్ న్యూబర్గ్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు శాన్‌ఫ్రాన్సిస్కోలో కోవర్కింగ్ పేరుతో ఒక చోటు మొదలుపెట్టింది 2005లో. అసలు ఆలోచన ఇంకా పాతది. 'టెలికమ్యూటింగ్' (రోజూ ఆఫీసుకు వెళ్ళకుండా దూరం నుంచే పని చేయడం) అనే మాటను 1973లో వాడుకలోకి తెచ్చిన జాక్ నిల్లెస్, లాస్ ఏంజెలిస్‌లో ఒక బీమా కంపెనీతో ప్రయోగం చేశారు. అందులో ఉద్యోగులను ఇంట్లో కూర్చోబెట్టలేదు, వాళ్ళ ఇళ్ళకు దగ్గర్లోని చిన్న ఆఫీసుల్లో పని చేయించారు. ఆఫీసా, ఇల్లా అని ఈరోజు వాదించుకునేవాళ్ళు ఈ మూడో దారి సంగతే మర్చిపోతున్నారు.

అపోహ: ఇంట్లో టేబుల్, నెట్ ఉంటే చాలు, ఇంకో చోటు దండగ.

కొందరికి నిజంగానే చాలు. తలుపు వేసుకోవడానికి విడిగా గది ఉండి, ఏకాంతం ఇష్టమైనవాళ్ళకు నేను ఇల్లే మేలని చెప్తాను. చైనాలోని సీట్రిప్ ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్లో ఆర్థికవేత్త నికలస్ బ్లూమ్ బృందం 9 నెలలు చేసిన ప్రయోగంలో, ఇంటి నుంచి చేసినవాళ్ళ పనితీరు 13 శాతం పెరిగింది. ఈ అంకె అందరూ చెప్తారు. సొంత గది ఉన్నవాళ్ళనే ఆ ప్రయోగానికి తీసుకున్నారన్నది ఎవరూ చెప్పరు. అదయ్యాక మీ ఇష్టం అంటే, ఇంట్లో చేసినవాళ్ళలో దాదాపు సగం మంది ఆఫీసుకే వెళ్తామన్నారు. ప్రధాన కారణం ఒంటరితనం. అలాంటివాళ్ళు మళ్ళీ రోజూ ట్రాఫిక్‌లో పడక్కర్లేదు. నలుగురు మనుషులు కనిపించే చోటు ఇంటి దగ్గరే ఉంటే సరిపోతుంది.

అపోహ: అక్కడ గోలగా ఉంటుంది, పని సాగదు.

ఈ భయంలో కొంత నిజం ఉంది, అందుకే దీని గురించి వివరంగా చెప్పాలి. మనల్ని చెదరగొట్టేది శబ్దం కంటే అర్థమయ్యే మాట. అందులోనూ ఫోన్లో ఒకవైపు మాటలు మరీ ఇబ్బంది. ఇద్దరి సంభాషణ పూర్తిగా వినబడినప్పటి కంటే సగమే వినబడినప్పుడు ఏకాగ్రత ఎక్కువ దెబ్బతింటుందని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో చూపించారు. అవతలివాళ్ళు ఏమన్నారో మెదడు ఊహిస్తూనే ఉంటుంది మరి! సూది పడినా వినిపించేంత నిశ్శబ్దం కూడా మంచిది కాదు, ఎందుకంటే ఆ మూల గుసగుస ఈ మూలకి చేరుతుంది. ఫ్యాన్‌లాంటి నిలకడైన చిన్న శబ్దం ఉంటే మాటలు అందులో కలిసిపోతాయి.

కాబట్టి డెస్కులు ఎన్ని ఉన్నాయని అడిగే ముందు ఫోన్ బూత్‌లు, అంటే తలుపు వేసుకుని కాల్స్ మాట్లాడుకునే చిన్న గదులు, ఎన్ని ఉన్నాయని అడగండి. కాల్స్ బూత్‌లోనే మాట్లాడాలన్న నియమం ఉందా, దాన్ని నిర్వాహకులు గట్టిగా అమలు చేస్తున్నారా అన్నది గమనించండి. మొహమాటపడే నిర్వాహకుల దగ్గర ఆ నియమం గోడ మీదే ఉండిపోతుంది.

అపోహ: అందరితో కలిసి కూర్చుంటే డేటాకు భద్రత ఉండదు.

వీపీఎన్ (నెట్‌లో మీ డేటాను ఇతరులు చదవకుండా దాచే ఏర్పాటు), పక్కవాళ్ళకు కనబడనివ్వని స్క్రీన్ ఫిల్టర్, లేచినప్పుడల్లా లాక్ చేసే అలవాటు ఉంటే మామూలు పనికి చాలు. అయితే కొన్ని కంపెనీల ఒప్పందాలు బయటి చోట్ల పనిని పూర్తిగా నిషేధిస్తాయి. డబ్బు కట్టకముందే మీ మేనేజర్‌ని అడగండి.

అపోహ: మంచి చోటైతే దూరమైనా ఫర్వాలేదు.

నా వృత్తిలో నేను అస్సలు ఒప్పుకోనిది ఇదే. ఎంత అందమైన కుర్చీలున్నా, అక్కడికి చేరడానికి గంట పడితే అది ఇంకో ఆఫీసే. నడిచో, సైకిల్ మీదో పావుగంటలో చేరగలిగితేనే దీనివల్ల లాభం. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి తిని రావచ్చు. స్కూల్ నుంచి ఫోన్ వస్తే టెన్షన్ లేకుండా వెళ్ళిపోవచ్చు. సాయంత్రం లాప్‌టాప్ లాకర్లో పెట్టి వస్తే, ఆ రోజుకి పని అక్కడితో సరి.

నెల చందా కట్టే ముందు ఒకరోజు పాస్ తీసుకోండి. ఖాళీగా ఉండే సాయంత్రం కాకుండా, బాగా రద్దీగా ఉండే రోజు ఉదయం వెళ్ళండి. బూత్‌లోంచి ఒక వీడియో కాల్ చేసి, మీ మాట బయటికి ఎంత వినిపిస్తోందో బయట కూర్చున్నవాళ్ళను అడగండి.